పసుపంటిన మహారాణి

"ఐదు గంటలకు పోలీస్ కంప్లయింట్ ఇచ్చేస్తున్నాం. అప్పటిదాకా మీరేం కనిపెడతారో కనిపెట్టుకోండి" అన్నాడు పృథ్వీరాజ్, సోఫాలో కాలు మీద కాలు వేసుకుని.

గోడ గడియారం వైపు చూశాను. మూడు దాటింది.

"మీరు కనిపెట్టుడు అయిపోయిందా?"

"ఎప్పుడో. ఫైల్ కూడా రెడీ." టీపాయ్ మీదున్న నీలం ఫైలును వేలితో తట్టాడు.

పృథ్వీరాజ్‌కు నోయిడాలో అద్దాల ఆఫీసు, రిసెప్షన్‌లో పూలకుండీ, చేతికింద ఆరుగురు మనుషులు. నాకు కరోల్ బాగ్‌లో ఒక కోచింగ్ సెంటర్ పక్కన చిన్న గది, దానికో తలుపు, తలుపు మీద 'క్రాంతి, ప్రైవేట్ డిటెక్టివ్' అన్న బోర్డు. వైశాలిలోని ఈ ఫ్లాట్‌లో ఒకే కేసుకు మేమిద్దరం తగలడ్డాం. ఇంటాయన భీమేశ్వరరావుగారు పిలిపించింది అతన్ని. ఇంటావిడ తాయారమ్మగారు ఆయనకు చెప్పకుండా పిలిపించింది నన్ను. నేను గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు ఆయన కళ్లద్దాల మీదుగా భార్యను చూసిన చూపు ఇంకా నా వీపుకు తగులుతూనే ఉంది.

తాయారమ్మగారు పిలిస్తే నేను రాకుండా ఉండలేను. సివిల్స్ కోచింగని ఢిల్లీకొచ్చిన కొత్తలో కామెర్లతో పీజీ గదిలో పడిపోయాను. ఎవరో తెలుగుపిల్ల ఒంటరిగా ఉందట అన్న ఒక్క మాట విని, అప్పట్లో ఉన్న సరోజినీ నగర్ క్వార్టర్ నుంచి ఆటోలో వచ్చి నన్ను లేవదీసుకుపోయింది ఆవిడ. నెల పైన పథ్యం వండి పెట్టింది. నూనెచుక్క లేని ఆ బీరకాయ కూర రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. నేను కలెక్టర్ను కాలేదు గానీ బతికి బట్టకట్టాను. ఆ బతుకు ఆవిడ పెట్టిందే.

అలాంటి మనిషి ఫోన్ చేసి "ఒక్కసారి రావే క్రాంతీ, పాపం ఆ పిల్ల అలాంటిది కాదే" అంది. నేను చెప్పులేసుకుని మెట్రో ఎక్కాను.

ఆ పిల్ల పేరు సాయిసుధ. హాలు మూల కుర్చీలో, ఒళ్లో బ్యాగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. పాత నాణేల మీద పరిశోధన చేస్తోంది. భీమేశ్వరరావుగారి దగ్గర పన్నెండు రోమన్ వెండి నాణేలున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో రాణి ముఖం. చక్రవర్తుల భార్యలు, తల్లులు, కూతుళ్లు. కేంద్ర ప్రభుత్వంలో ఆయన చేసిన సర్వీసంతా ఒక ఎత్తు, ఈ పన్నెండుమంది ఆడవాళ్లను కూడబెట్టడం ఒక ఎత్తు. నలుగురూ చూస్తారని వాటిని ఒక మ్యూజియానికి ఇచ్చేయడానికి ఒప్పుకున్నారు. ఫొటోలు తీసి, వివరాలు రాసిపెట్టిన పిల్ల సాయిసుధ. ఆ పని చూసి మ్యూజియం వాళ్లు తనకు ఉద్యోగం కూడా ఇచ్చారు. సోమవారం చేరాలి.

మొన్న బుధవారం అక్కడి నిపుణుడు మొదటి ప్యాకెట్ విప్పాడు. అందులో ఉండాల్సింది ఫౌస్టీనా మహారాణి. ఉన్నది మాత్రం నిన్నగాక మొన్న పోతపోసిన నకిలీ. మిగతా పదకొండూ అసలువే. పెట్టె ఇక్కడికి తిరిగొచ్చింది. అసలు నాణెమో, పోలీస్ కంప్లయింటో, ఏదో ఒకటి ఈ రోజు చూపించమన్నారు. అది తేలేవరకు సాయిసుధ ఉద్యోగం ఆగిపోయింది. కంప్లయింట్‌లో పేరెక్కితే ఈ ఉద్యోగమే కాదు, ఈ దేశంలో ఏ మ్యూజియమూ ఆ పిల్లను గుమ్మం తొక్కనివ్వదు.

ఆ పిల్ల ఎదురుగా స్టూల్ లాక్కుని కూర్చున్నాను.

"నాణేలు ఆఖరిసారి ఎప్పుడు ముట్టుకున్నవ్?"

"లాస్ట్ టు లాస్ట్ వెడ్నెస్‌డే, దీదీ. అంకుల్ సామ్‌నే హీ బైఠే థే, ఎదురుగానే కూర్చున్నారు. ఫొటో తీశా, ప్యాకెట్‌లో పెట్టా, ఆయన చేతికే ఇచ్చేశా, అంతే. బస్."

"ఆ తర్వాత ఈ ఇంటికి రాలేదా?"

"వచ్చా. శుక్రవారం. ఆంటీ పూజకి పిలిచారు."

"నోట్ చేసుకోండి" అన్నాడు పృథ్వీరాజ్ వెనకనుంచి. "బుధవారం దాకా నాణెం అసలుది. శుక్రవారం ఈ అమ్మాయి మళ్లీ ఇంట్లోకొచ్చింది. సోమవారం సార్ పెట్టె సీల్ చేశారు. దాని హై రిజల్యూషన్ ఫొటోలు ఎవరి దగ్గరున్నాయి? ఈ అమ్మాయి దగ్గర. కాపీ తయారుచేయించడానికి ఇంకేం కావాలి?"

"సీల్ చేసేటప్పుడు మీరు నాణేలు చూసిండ్రా సార్?" భీమేశ్వరరావుగారిని అడిగాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ప్యాకెట్లు లెక్కపెట్టాను. పన్నెండూ ఉన్నాయి. విప్పలేదు. నేను తప్ప ఇంకొకరు ముట్టుకునే పెట్టె కాదు కదా అది."

"పెట్టె ఎక్కడుంటదో చూడొచ్చా?"

ఆయన తన గదిలోకి తీసుకెళ్లారు. పృథ్వీరాజ్ కూడా వెంటబడ్డాడు, నేను అక్కడ ఏదైనా నాటేస్తానన్నట్టు. చెక్క బీరువా, పుస్తకాలు, కిటికీ దగ్గర టేబుల్. టేబుల్ మీద పెట్టె. తాళం గీతలు పడలేదు, బలవంతంగా తెరిచిన గుర్తులేదు. తాళంచెవి బీరువాలోని పాత సఫారీ సూట్ జేబులో ఉంటుందనీ, ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదనీ ఆయన చాలా ధీమాగా చెప్పారు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి అంత అమాయకంగా ఉండటం ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు.

పెట్టెలో చిన్న చిన్న కాగితం ప్యాకెట్లు. ముందు ఏవో రెండు విప్పాను. జూలియా డోమ్నా, సబీనా. రెండూ మబ్బురంగులో, నల్లబారి ఉన్నాయి. అది మురికి కాదనీ, పద్దెనిమిది వందల ఏళ్ల వయసు తెచ్చిన రంగనీ, దాన్ని తుడిస్తే నాణెం విలువ సగం పోతుందనీ ఆయన పాఠం మొదలుపెట్టారు. నేను ఫౌస్టీనా ప్యాకెట్ విప్పాను.

తళతళలాడుతూ అరచేతిలో పడింది.

"సాయిసుధా, నువ్వు తీసిన ఫొటో చూపియ్."

పిల్ల గుమ్మంలోనే నిలబడి ఫోన్ అందించింది. ఫొటోలో ఫౌస్టీనా తక్కిన రాణుల్లాగే నల్లగా ఉంది. పైకెత్తి చుట్టిన జడముడి, చిన్న గడ్డం, బొత్తిగా నవ్వని పెదవులు.

"పృథ్వీరాజ్‌గారూ, ఒక్క మాట అడుగుతా. అసలుదాన్ని కొట్టేసేటోడు నకిలీని దేనిలెక్క చేసి పెడ్తడు?"

"అసలుదానిలాగే."

"అంటే నల్లగ చేసి పెట్టాలె. ఇదేంది, పెండ్లిల పెట్టిన వెండిగిన్నె లెక్క మెరుస్తున్నది? నాణేల మీద పరిశోధన చేసే పిల్ల అంత తెలివితక్కువ పని చేస్తదా?"

"తొందర్లో చేసుండొచ్చు" అన్నాడు పృథ్వీరాజ్. మొదటిసారి అతని గొంతులో ఆ అద్దాల ఆఫీసు నునుపు వినిపించలేదు.

భూతద్దం తీసి కిటికీ దగ్గరికి వెళ్లాను. వెండి పైన సూదిమొనంత బుడగలు. పోతపోసిందని చెప్పడానికి అవి చాలు. కానీ నా కన్ను అక్కడ ఆగలేదు. రాణిగారి జడముడి గీతల సందుల్లో ఏదో పచ్చగా ఇరుక్కుని ఉంది. కాగితం ప్యాకెట్ తిప్పి చూశాను. మూత మడత మీద బొటనవేలంత పసుపు మరక.

ఈ ఇంట్లో పసుపు చేత్తో కాగితం ముట్టుకునే మనిషి ఒక్కరే. ఆ మనిషి చేతి అన్నం తిని నేను లేచి నిలబడ్డాను.

ఒక్క క్షణం ఆ ప్యాకెట్‌ను అలాగే మడిచి జేబులో వేసుకుందామా అనిపించింది. కానీ గుమ్మంలో సాయిసుధ ఉంది. ఆ పిల్ల కళ్లల్లోకి చూశాక ఆ ఆలోచన నిలవలేదు. తాయారమ్మగారు నన్ను పిలిచింది కూడా ఆ పిల్లను కాపాడమనే.

వంటింట్లోకి వెళ్లాను. ఆవిడ కాఫీ కలుపుతోంది.

"అమ్మా, ఫౌస్టీనాను మీరు బయటికి తీసిండ్రా?"

"ఆ పాస్టీనాయేనా? తీశానే" అంది ఆవిడ, చక్కెర డబ్బా తీశానన్నంత మామూలుగా. "వరలక్ష్మీ వ్రతానికి కలశంలో పెట్టుకున్నాను. ఏటా పెడతాను. పూజయ్యాక మళ్లీ పెట్టెలో పెట్టేశాను. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఇంకోటి చేయించిండ్రా, అచ్చం అట్లాంటిది?"

కాఫీ వంచుతున్న చెయ్యి ఆగింది. "నీకెవరు చెప్పారే?"

"హాల్లకు రండ్రి. అందరి ముందు చెప్తే మంచిది."

ఆవిడ కొంగుకు చెయ్యి తుడుచుకుని వచ్చింది. భర్త కూర్చున్న కుర్చీకి ఎదురుగా నిలబడి, దాపరికం లేకుండా మొత్తం చెప్పేసింది.

నాలుగేళ్ల కిందట శ్రావణమాసంలో భీమేశ్వరరావుగారికి గుండె ఆపరేషన్ అయింది. ఐసీయూలో ఉన్నారు. ఆ శుక్రవారం వ్రతం మానకూడదని ఆవిడ ఇంటికొచ్చింది. కలశంలో వేయడానికి లక్ష్మీరూపు లేదు. కొనడానికి వెళ్లే ఓపికా లేదు. భర్త పెట్టె తెరిచి చూస్తే ఒక నాణెం వెనక వైపు నిలబడ్డ అమ్మవారు కనిపించింది. ఒక చేతిలో ధాన్యపు కంకులు, ఇంకో చేతిలో దీపంలాంటిది. ధాన్యలక్ష్మే అనుకుంది. కలశంలో పెట్టి, మా ఆయన్ని ఇంటికి పంపించు తల్లీ అని ఏడ్చింది.

"మర్నాడే కళ్లు తెరిచారు మీరు" అంది తాయారమ్మగారు. "ఆవిడ ఏ దేశపు మనిషయితే నాకేం? మిమ్మల్ని నాకిచ్చింది. అప్పట్నుంచీ ఏటా ఆ తల్లికే పసుపూ కుంకుమా. మీకు చెబితే తిడతారని చెప్పలేదు."

ఈ ఏడాది నాణేలన్నీ మ్యూజియానికి వెళ్లిపోతున్నాయి. వాటి మీద అంత ఓపికగా పనిచేసిన సాయిసుధ చీర పెడతానంటే వద్దంది, భోజనం తప్ప ఏదీ తీసుకోలేదు. ఫౌస్టీనా అంటే తనకు ప్రాణమని మాత్రం ఒకసారి అంది. అందుకని తాయారమ్మగారు కంసాలి దగ్గర ఆ నాణెం అచ్చు తీయించి, వెండితో ఒకటి పోయించింది. వ్రతం రోజు రెండూ కలశంలో పెట్టి, కొత్తది పిల్లకు ఇవ్వాలని.

"కొత్తది తెల్లగా, పాతది నల్లగా ఉన్నయి కదా. ఎట్ల కలిసినయి?" అన్నాను.

"పూజకు నల్లగా ఎలా పెడతానే? రెండూ చింతపండు పెట్టి తోమాను. రెండూ ఒక్కలా అయిపోయాయి. అయినా నేను గుర్తుపట్టాననే అనుకున్నాను."

"చింతపండా!" భీమేశ్వరరావుగారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఫౌస్టీనాను చింతపండుతో తోమావా తాయారూ?"

"ఏటా తోముతూనే ఉన్నానండీ. ఏడాది తిరిగేసరికి మళ్లీ నల్లబడేది."

పద్దెనిమిది వందల ఏళ్ల వయసు తెచ్చిన రంగు గురించి ఇందాక నాకు చెప్పిన పాఠం ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. నేను నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాను. తిరిగి చూసేసరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. తుడుస్తున్నది అద్దాలను కాదు.

"నీకో సంగతి చెప్పనా?" అన్నారు భార్యతో, మా అందరినీ మరిచిపోయి. "ఈ ఫౌస్టీనా చనిపోయాక ఆవిడ మొగుడు, చక్రవర్తి ఆంటోనినస్, ఆవిడను దేవతను చేశాడు. గుడి కట్టించాడు. ఆవిడ పేరు పక్కన దేవి అని చెక్కించి, తను బతికున్నన్నాళ్లూ నాణేలు వేయించాడు. ఇది అందులోదే. నువ్వు పూజ చేసింది దేవతకే. నేనే ఇన్నాళ్లూ దాన్ని నాణెంలా చూశాను."

తాయారమ్మగారు ఆయన జబ్బ మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

"టచింగ్" అన్నాడు పృథ్వీరాజ్. "కానీ సార్, ఈ కథతో మ్యూజియం వాళ్లు ఒప్పుకోరు. అసలు నాణెం ఏది? ఆంటీ లెక్క ప్రకారమే అది ఈ అమ్మాయి చేతికెళ్లింది. నిపుణురాలు కదా, చేతిలో పడగానే తెలుస్తుంది అసలుదని. తెలిసీ వారం రోజులు నోరు మెదపలేదు. నా ఫైల్ మారదు. ఇంకా గట్టిపడింది."

సాయిసుధ వైపు తిరిగాను. పిల్ల ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"ఆంటీ, నాకు కాయిన్ ఎప్పుడిచ్చారు? మీరు తాంబూలమే కదా ఇచ్చారు?"

"అందులోనే ఉందే. చేతికిస్తే వద్దంటావని జాకెట్ ముక్క మడతలో పెట్టాను. ఇంటికెళ్లి విప్పుకుంటావు, సంతోషిస్తావు అనుకున్నాను."

"మైఁనే తో ఖోలా హీ నహీఁ! అసలు విప్పనే లేదు!" సాయిసుధ ఏడుపు గొంతుతో అంది. "లిఫ్ట్ దగ్గర ఒక ఆంటీ, నీ గ్రీన్ పీస్ నా చీరకు మ్యాచ్ అవుతుంది, మార్చుకుంటావా అని అడిగారు. నేను జాకెట్లు వేసుకోను కదా. ఇచ్చేశా. ఆవిడ పర్పుల్ పీస్ తీసుకున్నా. అదీ విప్పలేదు, పీజీలో అలాగే పడుంది."

జాకెట్ ముక్కను మడత విప్పి చూసే ఆడవాళ్లు మనలో ఎంతమంది? ఈ పేరంటంలో వచ్చింది ఆ పేరంటంలో ఇచ్చేస్తాం. నా బీరువాలోనే నాలుగున్నాయి, ఎవరిచ్చారో కూడా తెలియదు.

"ఏ ఆంటీ? పేరు?" పృథ్వీరాజ్ ఫైలు తెరిచి పెన్ను తీశాడు. "చెప్పలేరు. ఎందుకంటే అలాంటి ఆంటీ ఎవరూ లేరు."

"పేరు తెలీదు. ఆకుపచ్చ అంచు, వంగపండు రంగు పట్టుచీర. చాలా నవ్వుతారు."

తాయారమ్మగారు పృథ్వీరాజ్ వైపు తిరిగింది. పాపం, ఆవిడ గొంతులో వెటకారం ఏ కోశానా లేదు.

"మన ఉషే కదా బాబూ. మీ ఆవిడే."

పెన్ను కదలలేదు. అసలు భీమేశ్వరరావుగారికి ఇతని నంబరు ఇచ్చింది ఆ ఉషేనని, పేరంటానికి వచ్చినప్పుడు మా ఆయన డిటెక్టివని గొప్పగా చెప్పుకుందని తాయారమ్మగారే తర్వాత నాకు చెప్పింది. అప్పుడు మాత్రం పృథ్వీరాజ్ ఫోన్ తీసుకుని మాట్లాడకుండా బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

గాజు తలుపు వెనక అతని వీపు మాత్రమే కనిపిస్తోంది. ఒకసారి తల పట్టుకున్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. అతనేం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు. మా ఆవిడకు గుర్తులేదట, ఎవరికో ఇచ్చేసిందట అని ఒక్క ముక్క చెబితే చాలు. ఫైల్ నిలబడుతుంది. భార్య పేరు బయటికి రాదు. అతని అబద్ధాన్ని పట్టుకునే దారి నాకు లేదు.

తలుపు తీసుకుని వచ్చాడు.

"మా ఇంటికే వచ్చింది సార్. ఉష మడత విప్పితే దొరికిందట." కళ్లు దించుకున్నాడు. "ముఖం అరిగిపోయిన రూపు పూజకు పనికిరాదని, కరిగించి కొత్త లక్ష్మీరూపు చేయమని కంసాలికి ఇచ్చిందట. కరోల్ బాగ్‌లో. ఈ సాయంత్రం డెలివరీ అట." తర్వాత సాయిసుధ వైపు తిరిగాడు. "సారీ అమ్మా. నీ తప్పేం లేదు."

ఇన్నేళ్లలో పృథ్వీరాజ్‌కు నేను చాలా పేర్లు పెట్టాను. ఆ నిమిషంలో అతనికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. అతను చూడనట్టు నటించాడు.

భీమేశ్వరరావుగారు అప్పటికే మ్యూజియానికి ఫోన్ కలిపారు. "నాణెం మా ఇంట్లోనే, మా పొరపాటు వల్లే మారిపోయింది. దొరుకుతుందో లేదో చెప్పలేను. ఆ అమ్మాయికి ఏ సంబంధమూ లేదు. కంప్లయింట్ లేదు, ఉండదు. ఇదే మాట సంతకం పెట్టి పంపిస్తున్నాను. సోమవారం తనను చేర్చుకోండి." అవతలివాళ్లు ఏదో అడిగారు. "నాణెం పోతే పోయింది. అది నాకు చెయ్యాల్సింది చేసేసింది" అన్నారు ఆయన.

సాయిసుధ తాయారమ్మగారి కాళ్లకు దణ్ణం పెట్టబోయి, సగంలోనే ఆవిడను వాటేసుకుని ఏడ్చింది. "దొంగనన్నారు, ఆంటీ. మీరొక్కరే అనలేదు" అంది, ఏడుపులోనూ హిందీ ముక్క కలవకుండా, పూర్తిగా తెలుగులో.

"అమ్మా, ఏడుపు తర్వాత" అన్నాను. "కంసాలి నంబరుందా పృథ్వీరాజ్‌గారూ?"

ఉష పంపిన నంబరు నొక్కి స్పీకర్‌లో పెట్టాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోయే ముందు ఎవరో ఎత్తారు. వెనక బ్లోయర్ మోత, దాని మీద రేడియో.

సాయిసుధ ఫోన్ లాక్కుని, కరిగించొద్దని మొత్తుకుంది. "భయ్యా, ఉషాజీ కా దియా హువా సిక్కా, ఉసే మత్ గలానా! సునియే, వో సిక్కా బహుత్ పురానా హై, భయ్యా!"

"క్యా? ఆవాజ్ నహీఁ ఆ రహీ!" మాట వినపడని అవతలి మనిషి మోత మీదుగా అరిచాడు. "ఉషాజీ కీ చాందీ? హాఁ హాఁ, టెన్షన్ మత్ లో. బస్, అభీ భట్టీ మేఁ డాల్ రహా హూఁ."

ఇప్పుడే కొలిమిలో వేస్తున్నానంటూ లైన్ కట్ చేశాడు.

పృథ్వీరాజ్ మళ్లీ నొక్కాడు. ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి నొక్కాడు. నేను చెప్పుల కోసం వెతుకుతుంటే అతను నన్ను దాటుకుని లిఫ్ట్ వైపు పరుగెత్తాడు, చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది.